మందు వేసినా మళ్ళీ పురుగులెందుకు?

హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్ళే జాతీయ రహదారి మీద మేడ్చల్ దాటగానే అత్వెల్లి వస్తుంది. రోడ్డు మీద పగలూ రాత్రీ లారీల రొద. కానీ ఊళ్ళోకి నాలుగడుగులు వేస్తే, ఏదో ఒక వాకిట్లో ఒక పెట్ట తన పిల్లల్ని వెంటేసుకుని మట్టి గీరుతూ కనిపిస్తుంది. అటువంటి ఒక ఇంటి నుంచి బడికి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకనాడు సైన్సు పీరియడ్ అయిపోయాక నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖం చిన్నబోయి ఉంది.

"సార్, మా నాయనమ్మ కోళ్ళకు పురుగుల మందు ఏసినం. తెల్లారి రెట్టల తెల్లటి పురుగులు పడ్డయి. కోళ్ళు మంచిగయినయి. రెండు నెలలైంది, మళ్ల అట్లనే అయితున్నయి. ఆ దుకాణపాయన దొంగ మందు ఇచ్చిండా సార్?" అని అడిగింది.

వాళ్ళ నాయనమ్మకు ఆ కోళ్ళే బ్యాంకు. గుడ్లమ్మిన డబ్బు ఆమె చేతి ఖర్చుకు. ఆషాఢంలో బోనాలకు నాలుగు పుంజులను అమ్మితే మనవరాలి పుస్తకాలకూ, బట్టలకూ సరిపోతుంది. ఆ ఏడు పొదిగిన పదకొండు పిల్లల్లో అప్పటికి నాలుగే మిగిలాయి. కొన్నిటిని పిల్లి, గద్ద ఎత్తుకుపోయాయి. మిగతావి మాత్రం తింటూనే చిక్కిపోయి, రెక్కలు వాల్చి, ఒక్కొక్కటిగా చనిపోయాయి.

మందు దొంగది కాదు. ఆ పురుగులు పడడమే అందుకు సాక్ష్యం. మరి మళ్ళీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఈ ప్రశ్నకు జవాబు కోడి కడుపులో సగమే ఉంది. మిగిలిన సగం వాకిట్లో ఉంది. రండి, రెండు చోట్లా వెతుకుదాం.

కోడి కడుపులో ఎవరున్నారు?

మీ ఇంట్లో నాటుకోడిని కోసినప్పుడు కందనకాయను, కార్జాన్ని వేరుచేసి పేగులను పారేస్తారు కదా. ఆ పేగులను ఎప్పుడైనా చీల్చి చూశారా? పెరట్లో తిరిగిన కోడి అయితే చిన్న పేగులో తెల్లటి, గుండ్రటి, రెండు కొసలూ సన్నబడిన పురుగులు కనిపించవచ్చు. కోడి పేగులో ఉండే గుండ్రటి పురుగులన్నిటిలోకీ పెద్దది ఇదే. ఆడ పురుగు 7 నుంచి 12 సెంటీమీటర్ల దాకా, అంటే మీ చూపుడు వేలంత, పెరుగుతుంది. మగది దానికంటే చిన్నది. దీని శాస్త్రీయ నామం 'అస్కారిడియా గాల్లి'. 1788లో ష్రాంక్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. మనుషుల కడుపులో ఉండే ఏలికపాముకు ఇది దూరపు చుట్టం. అయితే భయపడనక్కర లేదు. కోడి పురుగు మనిషి పేగులో కాపురం పెట్టదు.

ఈ పురుగు కోడి రక్తం తాగదు. కోడి తిని అరిగించుకున్న ఆహారంలోనే వాటా తీసుకుంటుంది. తన ఆహారం తాను సంపాదించక, మరొక జీవి మీద ఆధారపడి, దానికి హాని చేస్తూ బతికే జీవిని 'పరాన్నజీవి' అంటారనీ, ఆశ్రయమిచ్చే జీవిని 'అతిథేయి' అంటారనీ మీరు చదువుకున్నారు. పిలవని అతిథులు ఒకరిద్దరైతే పెద్ద కోడి తట్టుకుంటుంది. పదుల సంఖ్యలో చేరితేనే కష్టం. అప్పుడు కోడి చిక్కిపోతుంది, తల మీది ఎర్రటి జుట్టు పాలిపోతుంది, గుడ్లు తగ్గుతాయి, పల్చటి రెట్ట వేస్తుంది. పురుగులు మరీ ఎక్కువైతే తాడులా పెనవేసుకుని పేగునే మూసివేస్తాయి. మూడు నెలల లోపు పిల్లలకు ఇది ప్రాణాంతకం. వయసు పెరిగే కొద్దీ కోడికి కొంత నిరోధక శక్తి వస్తుంది. కనుకనే ఆ ఇంట పెట్టలు బతికాయి, పిల్లలు పోయాయి.

ఒక్క మాట. కోడి నలతగా ఉన్నంత మాత్రాన పురుగులేనని తీర్మానించకూడదు. కొక్కెర వ్యాధిలోనూ పిల్లలు చనిపోతాయి. అది వైరస్ వల్ల వస్తుంది, రోజుల్లోనే మందను ఊడ్చేస్తుంది. దానికి టీకా ఉంది కానీ, వచ్చాక మందు లేదు. పురుగులు చేసే హాని మెల్లగా, వారాల తరబడి సాగుతుంది. ఏది ఏదో తేల్చవలసింది పశువైద్యుడే.

ఏటికి ఎదురీదే పురుగు

బద్దెపురుగులకున్నట్లు ఈ గుండ్రటి పురుగుకు కొక్కేలు లేవు. పేగు గోడను అది గట్టిగా పట్టుకుని ఉండదు. మరి రోజంతా పేగులో ప్రవాహంలా సాగిపోయే ఆహారంతో పాటు బయటికి కొట్టుకుపోదేం? ఏటికి ఎదురీదే చేపలాగ అది తన కండరాలతో ఎదురీదుతూనే ఉంటుంది. ఆ ఈత ఆగిందా, అది బయట పడినట్లే!

'పైపరజీన్' అనే మందు చేసే పని సరిగ్గా ఇదే. అది పురుగును వెంటనే చంపదు. నరం నుంచి కండరానికి "ముడుచుకో" అనే కబురు అందకుండా చేస్తుంది. పురుగు మెత్తబడి, ఈత మాని, రెట్టతో పాటు బయటికి వచ్చేస్తుంది. ఆ అమ్మాయి మరునాడు చూసిన పురుగులు అలా వచ్చినవే.

ఈ పైపరజీన్‌కు ఒక చరిత్ర ఉంది. నాలుగు కార్బన్ పరమాణువులూ, రెండు నైట్రోజన్ పరమాణువులూ చేయి చేయి కలిపి గుండ్రంగా నిలబడితే ఏర్పడే వలయమే దాని అణువు. మొదట దీన్ని కీళ్ళవాతానికి మందుగా ప్రయత్నించారు. గాజు గొట్టంలో అది యూరిక్ ఆమ్లాన్ని కరిగించింది కానీ, రోగి కీళ్ళలో ఆ పని చేయలేకపోయింది. తర్వాత చాలాకాలానికి, 1950ల నాటికి, అది పేగు పురుగుల మీద పనిచేస్తుందని తెలిసి, మనుషులకూ కోళ్ళకూ వాడుకలోకి వచ్చింది.

ఈ వలయంతో మన తెలుగువాడికి కూడా సంబంధం ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు వినే ఉంటారు. ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో, 1947లో, ఆయన బృందం బోదకాలు పురుగు మీద పనిచేసే ఒక మందును వెలువరించింది. దాని పేరు డైఇథైల్ కార్బమజీన్. హెట్రజాన్ అన్నా అదే. దాని అణువు నడుమ ఉన్నది ఈ పైపరజీన్ వలయమే! బోదకాలు నివారణ కార్యక్రమాల్లో పంచే డి.ఇ.సి. మాత్ర ఇదే. ఆ మరుసటి ఏడు, 1948లో, ఆయన కన్నుమూశారు.

పురుగుల మందులన్నీ ఒకే తీరుగా పనిచేయవు. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ అనే మందులు పురుగు కణాల లోపలి సన్నని నాళికలను కట్టుకోనివ్వవు. దాంతో పురుగు చక్కెరను పీల్చుకోలేక ఆకలితో మెల్లగా చస్తుంది. లెవామిసోల్ పురుగు కండరాలను బిగదీసి కదలకుండా చేస్తుంది. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ వంటి వేరే మందు కావాలి. పైపరజీన్ వాటి మీద పనిచేయదు. పేగు గోడలో దాగిన పిల్ల పురుగుల మీద కూడా దాని ప్రభావం అంతంత మాత్రమే. ఇక్కడే మన ప్రశ్నకు జవాబు మొదలవుతుంది.

మట్టిలో కాచుకుని ఉండే గుడ్డు

ఒక ఆడ పురుగు రోజూ వేల కొద్దీ గుడ్లు పెడుతుంది. అవి రెట్టతో వాకిట్లో పడతాయి. ఒక్కొక్క గుడ్డు పొడవు మిల్లీమీటరులో దాదాపు పన్నెండో వంతు. కంటికి కనబడదు.

అప్పుడే పడిన గుడ్డు నిరపాయకరం. కోడి దాన్ని మింగినా ఏమీ కాదు. ఎందుకంటే దాని లోపల ఇంకా పిల్ల తయారు కాలేదు. మట్టిలో తేమ, వెచ్చదనం, గాలి తగిలితే లోపల డింభకం పెరుగుతుంది. అందుకు పది నుంచి ఇరవై రోజులు పడుతుంది. చలికాలంలో ఇంకా ఎక్కువ. అప్పుడు మాత్రమే ఆ గుడ్డుకు రోగం కలిగించే శక్తి వస్తుంది. అప్పటి నుంచి అది నీడపట్టున, తేమ మట్టిలో నెలల తరబడి కాచుకుని ఉంటుంది. దాని పెంకు పొరలు పొరలుగా ఉంటుంది. అందులో ఒకటి కొవ్వు పొర. అందుకే ఫినాయిలు చల్లినా దాన్ని ఛేదించడం కష్టం. దానికి బద్ధశత్రువులు రెండే: బాగా ఆరిపోవడం, వేడి.

మట్టి గీరి గింజ ఏరుకునే కోడి ఆ గుడ్డును మింగుతుంది. వానపాము మట్టితో పాటు ఆ గుడ్డును మింగితే, ఆ వానపామును తిన్న కోడికీ అది చేరుతుంది. గుడ్డు పగిలి డింభకం బయటికి వచ్చి, కొన్నాళ్ళు పేగు గోడ పొరలో తల దాచుకుంటుంది. పేగు గోడ ఎక్కువగా దెబ్బతినేది ఈ దశలోనే. తర్వాత మళ్ళీ పేగులోకి వచ్చి, పెరిగి పెద్దదై, గుడ్లు పెడుతుంది. మింగిన నాటి నుంచి ఇందుకు ఐదు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది.

ఇప్పుడు మీరే లెక్క కట్టండి. జూన్ ఒకటిన మందు వేశారు. పెద్ద పురుగులన్నీ పడిపోయాయి. జూన్ రెండున అదే కోడి, అదే వాకిట్లో, నెల కిందట తానే వేసిన రెట్టలోని గుడ్డును మింగింది. ఎనిమిది వారాలు కలపండి. జూలై ఆఖరుకు కడుపులో మళ్ళీ పెద్ద పురుగులు! అమ్మాయి చెప్పిన "రెండు నెలలు" ఇదే. మందు కోడిని శుభ్రం చేసింది, వాకిలిని శుభ్రం చేయలేదు.

ఇక వాళ్ళ ఇంట్లో జరుగుతున్న పొరపాటు ఏమిటో నేను వెళ్ళి చూశాకగానీ తెలియలేదు. నాయనమ్మ చాలా శుభ్రత గల మనిషి. రోజూ గూడు ఊడ్చి రెట్టంతా ఎత్తి పెంటకుప్ప మీద వేసేది. కానీ ఆ పెంటకుప్ప గూటికి పది అడుగుల దూరంలోనే ఉంది. కోళ్ళు రోజంతా గీరేది దాని మీదనే! ఊడ్చిన గుడ్లన్నీ పెంట తేమలో పండి, తిరిగి కోళ్ళ ముక్కుకే అందుతున్నాయి.

చీమ చేసే రాయబారం

కోడి రెట్టలో ఎప్పుడైనా ఉడికిన మెతుకులాంటి తెల్లటి తునకలు చూశారా? అవి బద్దెపురుగు ఖండితాలు. బద్దెపురుగు రిబ్బనులా బల్లపరుపుగా ఉంటుంది. తల మీది చూషకాలతో, కొక్కేలతో పేగు గోడను పట్టుకుంటుంది. పెరటి కోళ్ళలో 'రాయెటినా' అనే బద్దెపురుగులు ఎక్కువ. కొన్ని జానెడు పొడవు దాటుతాయి. వాటిలో ఒక రకం తల పట్టిన చోట పేగు గోడలో గడ్డలు కడతాయి.

బద్దెపురుగు గుడ్డును కోడి నేరుగా మింగితే ఏమీ కాదు. నడుమ మరొక జీవి ఉండాలి. తెల్లటి ఖండితాన్ని చీమలు తిండి అనుకుని పట్టుకుపోతాయి. చీమ కడుపులో గుడ్డు పగిలి, చిన్న సంచిలాంటి డింభకంగా మారుతుంది. ఆ చీమను కోడి పొడుచుకుని తింటే, డింభకం పేగులో బద్దెపురుగుగా పెరుగుతుంది. కొన్ని రకాలకు చీమకు బదులు పెంకు పురుగులు, ఇంకొక రకానికి ఈగలు ఈ రాయబారం నడుపుతాయి. ఇటువంటి నడిమి జీవిని 'మాధ్యమిక అతిథేయి' అంటారు.

రోగానికి ఇలా నడుమ ఒక రాయబారి ఉంటుందన్న సంగతి లోకానికి గట్టిగా తెలియజెప్పిన పరిశోధనల్లో ఒకటి అత్వెల్లికి ఎంతో దూరంలో జరగలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడు కలకత్తాలో ఆయన పక్షుల మలేరియా మీద పనిచేసి, దోమకాటు ద్వారానే అది సంక్రమిస్తుందని రుజువు చేశాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. మలేరియాకు దోమ ఎటువంటిదో, కోడి బద్దెపురుగుకు చీమ అటువంటిది. అయితే తేడా ఒకటుంది. దోమ వచ్చి మనల్ని కుడుతుంది, చీమను కోడే వెళ్ళి తింటుంది!

మూడో పురుగు ఒకటుంది. ఒక సెంటీమీటరు పొడవుతో, పేగు చివరన ఉండే గుడ్డి సంచుల్లో నివసిస్తుంది. పేరు 'హెటరాకిస్'. కోడికి దానివల్ల పెద్ద కష్టం లేదు. కానీ దాని గుడ్డు లోపల 'హిస్టోమోనాస్' అనే ఏకకణ జీవి దాక్కుని ప్రయాణం చేస్తుంది. అది టర్కీ కోళ్ళ కాలేయాన్ని దెబ్బతీసి చంపుతుంది. ఈ రహస్యాన్ని 1920లో అమెరికాలో గ్రేబిల్, స్మిత్ అనే శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. కనుక కోళ్ళనూ టర్కీలనూ ఒకే పెరట్లో పెంచకూడదు.

కొలత తప్పితే?

"ఒక్కొక్క కోడికి ఎంత మందు పోశారు?" అని అడిగాను. "మూతతో తలా ఇంత," అంది నాయనమ్మ. చాలామంది చేసేది ఇదే. ఇందులో తప్పేమిటో లెక్కతో చూద్దాం. ఈ అంకెలు లెక్క కోసం ఊహించినవే సుమా! అసలు మోతాదు మందు పేరును బట్టి, కోడి బరువును బట్టి పశువైద్యుడు చెప్పాలి.

కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు ఇవ్వాలనుకోండి. రెండు కిలోల కోళ్ళు మూడు, కిలోన్నరవి రెండు, కిలోది ఒకటి ఉన్నాయి. మొత్తం బరువు 6 + 3 + 1 = 10 కిలోలు. కావలసిన మందు 200 మిల్లీగ్రాములు. దీన్ని ఆరింటికీ సమానంగా పంచితే తలా 33 మిల్లీగ్రాములు. రెండు కిలోల కోడికి 40 కావాలి, అందింది 33. కిలో కోడికి 20 చాలు, పడింది 33. పెద్ద కోడికి చాలలేదు, చిన్న కోడికి ఎక్కువైంది.

చాలని మందు ఇస్తే నష్టమేమిటి? బలహీనమైన పురుగులు పోయి, మందును తట్టుకోగలిగినవి మిగులుతాయి. అవే గుడ్లు పెడతాయి. కొన్ని తరాలకు మందుకు లొంగని పురుగుల వంశమే పెరుగుతుంది. డార్విన్ చెప్పిన ప్రకృతి వరణం మన పెరట్లోనే జరుగుతుందన్నమాట. అమెరికాలో టర్కీ కోళ్ళలోని ఒక గుండ్రటి పురుగు ఫెన్‌బెండజోల్‌కు లొంగడం లేదని 2019లో పరిశోధకులు ప్రకటించారు.

కనుక కోడిని సంచిలో పెట్టి స్ప్రింగు త్రాసుతో తూచండి. నీళ్ళలో కలిపి ఇచ్చే మందయితే, ఒకటి రెండు గంటలు నీళ్ళు ఆపి, అవి త్వరగా తాగేయగలిగినన్ని నీళ్ళలోనే కలిపి పెట్టండి. మనుషుల మాత్రలను ఉజ్జాయింపుగా తుంచి వేయకండి. మందు వేశాక ఎన్నాళ్ళు గుడ్లు, మాంసం తినకూడదో సీసా మీద చూసి, వైద్యుణ్ణి అడిగి పాటించండి. పేగు గోడలో దాగిన పిల్ల పురుగులు పెద్దవై బయటపడే సమయానికి రెండో మోతాదు ఎప్పుడు వేయాలో కూడా ఆయన్నే అడగండి.

ఉప్పునీటి పరీక్ష

కోడి కడుపులో పురుగులున్నదీ లేనిదీ కోయకుండానే తెలుసుకోవచ్చు. పూర్వం నుంచీ రైతులు విత్తన వడ్లను ఉప్పునీటిలో వేసి, తేలిన తాలును తీసేస్తారు. ఇది కూడా అదే సూత్రం. నీటి సాంద్రత 1. ఇక కరగనంత ఉప్పు కలిపిన నీటి సాంద్రత దాదాపు 1.2. పురుగు గుడ్డు సాంద్రత ఈ రెంటికీ నడుమ ఉంటుంది. కాబట్టి మంచినీటిలో మునిగే గుడ్డు ఉప్పునీటిలో తేలుతుంది!

మీ మాస్టారు దగ్గరుండగానే ఈ ప్రయోగం చేయండి. గ్లాసెడు, అంటే 200 మిల్లీలీటర్ల, నీటిలో అడుగున కరగని ఉప్పు మిగిలే దాకా ఉప్పు కలపండి. డెబ్బై గ్రాములు దాటి పడుతుంది. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని, చిటికెడు తాజా రెట్టను కొద్దిపాటి ఉప్పునీటిలో బాగా కలిపి, పాత టీ వడపోతతో వడగట్టండి. ఆ వడపోత మళ్ళీ వంటింటికి వెళ్ళకూడదు. వడగట్టిన నీటిని చిన్న సీసాలో అంచు మీద ఉబ్బి నిలిచేదాకా పోసి, పైన సన్నని కవర్ స్లిప్ పెట్టండి. ఇరవై నిమిషాల తర్వాత దాన్ని నిటారుగా పైకెత్తి, గాజుపలక మీద ఉంచి, మీ బడిలోని సూక్ష్మదర్శినిలో వంద రెట్లు పెద్దదిగా చూడండి. నున్నని, మందమైన అంచు గల కోలగుడ్లు కనిపిస్తే, అవే! తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవకండి.

మేము ఆ అమ్మాయి తెచ్చిన రెట్టతో ఈ పరీక్ష చేశాం. క్లాసులో ఒక్కొక్కరే వచ్చి కన్ను పెట్టి చూశారు. ఎన్ని గుడ్లో! ఆ అమ్మాయి చాలాసేపు చూసి, "గివన్నీ మా వాకిట్ల ఉన్నయా సార్?" అంది. ఆ ఒక్క చూపు నేను చెప్పిన పాఠం కంటే ఎక్కువ పని చేసింది.

రెట్టకూ ముక్కుకూ మధ్య దూరం

మేడ్చల్, శామీర్‌పేట పరిసరాల్లో కోళ్ళ ఫారాలు మీరు చూసి ఉంటారు. గుడ్ల కోళ్ళను తీగల పంజరాల్లో ఉంచుతారు. అక్కడ ఈ గుండ్రటి పురుగుల బాధ చాలా తక్కువ. ఎందుకు? అవి గొప్ప జాతి కోళ్ళని కాదు. వాటి రెట్ట కింద పడిపోతుంది, వాటి ముక్కుకు తిరిగి అందదు. అంతే! అలాగని పెరటి కోడిని పంజరంలో పెట్టమని కాదు. మట్టి గీరడం దాని స్వభావం. రెట్టకూ ముక్కుకూ మధ్య దూరం పెంచడమే మన పని. అందుకు ఖర్చు లేని మార్గాలున్నాయి.

గూట్లో నేల మీద కాకుండా, కొంచెం ఎత్తున వెదురు బద్దల తడక వేసి కోళ్ళను దాని మీద పడుకోనివ్వండి. రాత్రి వేసే రెట్ట సందుల్లోంచి కింద పడుతుంది. ఆ రెట్టను రోజూ, కుదరకపోతే వారానికి ఒక్కసారైనా తప్పకుండా ఊడ్చి తీసేయండి. గుడ్డు పండడానికి కనీసం పది రోజులు కావాలి కదా! ఆ గడువు లోపల తీసేస్తే అది ఎప్పటికీ రోగం కలిగించలేదు. తీసిన రెట్టను కోళ్ళు అందుకోలేని గుంతలో వేసి, చెత్త కలిపి, మట్టి కప్పండి. కుళ్ళే ఎరువులో పుట్టే వేడి చాలా గుడ్లను చంపుతుంది. ఆ వేడి తగలని అంచులను తిరగేసి మధ్యకు వేస్తూ ఉండండి.

నూకలూ జొన్నలూ నేల మీద చల్లకుండా తొట్టిలో పెట్టండి. నీళ్ళు ఒలికి బురదయ్యే చోట గోలెం ఉంచకండి. పడిన మేతకు చీమలు చేరకుండా సాయంత్రం ఊడ్చేయండి. గూటి చుట్టూ ఎండ తగిలేలా కొమ్మలు కొట్టండి. వానలకు ముందు ఒకసారి, వానాకాలంలో మరొకసారి రెట్ట పరీక్ష చేయించండి. తేమ నేలే పురుగు గుడ్డుకు పుట్టిల్లు.

అన్నిటికంటే ముఖ్యం, పిల్లల్ని పెద్ద కోళ్ళు తిరిగిన పాత నేల మీద వదలకండి. రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన జాతీయ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ అనే రకాలను తయారుచేసింది. ఆ పిల్లలకు కూడా మొదటి ఆరు వారాలు విడిగా వెచ్చని చోట పెంచి, టీకాలు వేయించి, ఆ తర్వాతే పెరట్లోకి వదలమంటారు. నాటుకోడి పిల్లలకు కూడా ఆ జాగ్రత్త మేలు చేస్తుంది.

మనకూ అదే పాఠం

నాయనమ్మ మొదట ఒప్పుకోలేదు. "మా అత్త కాలం నుంచి పెంట ఆడనే ఉన్నది," అంది. మనవరాలు వాదించలేదు. కోళ్ళు పెంట మీద గీరుతుంటే చూపించి, తాను సూక్ష్మదర్శినిలో చూసింది చెప్పింది. ఆ ఆదివారమే గుంత తవ్వారు. పశువైద్యుడు బరువు చూసి మందు ఇచ్చి, చెప్పిన తేదీకి మళ్ళీ ఇచ్చాడు. మూడు నెలల తర్వాత మళ్ళీ ఉప్పునీటి పరీక్ష చేశాం. గుడ్లు పూర్తిగా పోలేదు. కానీ స్లయిడంతా వెతికితే రెండు కనిపించాయి. ఆ తర్వాతి పొదుగులో తొమ్మిది పిల్లలు లేచాయి. రెండిటిని గద్ద ఎత్తుకుపోయింది. చిక్కి చనిపోయినది మాత్రం ఒక్కటీ లేదు.

పెరట్లో పురుగును పూర్తిగా లేకుండా చేయడం ఎవరి వల్లా కాదు. కోడి తట్టుకోగలిగినంతకు తగ్గించడం మన చేతిలో ఉంది.

మీ బడిలో నులిపురుగుల నివారణ దినాన మీరూ ఆల్బెండజోల్ మాత్ర నమిలి మింగుతున్నారు కదా. మన దేశంలో 2015 ఫిబ్రవరిలో మొదలైన ఈ కార్యక్రమంలో 1 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు ఈ మాత్ర ఇస్తారు. "పోయినసారి మింగాం కదా, మళ్ళీ ఎందుకు?" అని మీలో కొందరు గొణుగుతారు. ఇప్పుడు ఆ ప్రశ్నకు మీరే జవాబు చెప్పగలరు. మాత్ర కడుపులో పురుగును తీస్తుంది, మట్టిలో గుడ్డును తీయదు. ఆ పని చేసేది మరుగుదొడ్డి, సబ్బు, కాళ్ళకు చెప్పులు, కడిగి తినే కూరగాయలు.

ఈసారి మీ వాకిట్లో కోడి మట్టి గీరుతుంటే ఒక్క నిమిషం ఆగి చూడండి. అది ఎక్కడ రెట్ట వేస్తోంది, ఎక్కడ గింజ ఏరుతోంది? ఆ రెండు చోట్లకూ నడుమ ఎన్ని అడుగుల దూరం ఉంది? ఒక కాగితం మీద మీ పెరటి పటం గీసి, గూడు, పెంటకుప్ప, నీళ్ళ గోలెం, మేత పెట్టే చోటు గుర్తించండి. మీ కోళ్ళకు మందు అవసరమా, గుంత అవసరమా, రెండూ అవసరమా అన్నది ఆ పటమే మీకు చెబుతుంది.